కుంకుడు నురగ నుంచి రూపాయి ప్యాకెట్ దాకా

క్రీస్తుశకం ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహిత రాశాడు. గ్రహాలు, వానలు, భూకంపాలు, ఇళ్ల కట్టుబడి, రత్నాల పరీక్ష, ఇలా అందులో ఆయన ముట్టుకోని సంగతి లేదనిపిస్తుంది. సుగంధద్రవ్యాల తయారీ చెప్పే అధ్యాయాన్ని మాత్రం ఆయన తెల్లజుట్టుతో మొదలుపెట్టాడు. తల నెరిసినవాడికి పూలదండలూ నగలూ మంచి బట్టలూ శోభించవు కాబట్టి ముందు జుట్టు రంగు సంగతి చూడమంటాడు. ఆ వెంటనే తయారీ చెబుతాడు. ఇనుప పాత్రలో అరికెల బియ్యాన్ని పుల్లటి ద్రవం పోసి, ఇనుప రజను కలిపి ఉడికించాలి. మెత్తగా నూరి తలకు పట్టించి పచ్చి ఆకులతో కప్పాలి. ఆరు గంటలయ్యాక దాన్ని తీసేసి, ఉసిరి ముద్ద పట్టించి మళ్ళీ ఆకులు కప్పాలి. ఇంకో ఆరు గంటలకు కడిగితే జుట్టు నల్లబడుతుంది.

పధ్నాలుగు వందల ఏళ్ళు గడిచాయి. ఆదివారం తలకు పెట్టుకోవడానికి శనివారం రాత్రే గోరింటాకు పొడి, ఉసిరిపొడి, చిక్కటి టీ డికాషన్ కలిపి ఇనుప మూకుడులో నానబెట్టే ఇల్లాళ్ళు ఈనాటికీ మన వీధివీధినా ఉన్నారు. స్టీలు గిన్నెలో కలిపితే ఆ నలుపు రాదని వాళ్ళకు తెలుసు. ఉసిరిలోనూ టీలోనూ ఉండే టానిన్లు ఇనుముతో కలిస్తే నల్లటి పదార్థం పుడుతుందని రసాయనశాస్త్రం వివరిస్తుంది. ఆ వివరణ రాకముందే పద్ధతి ఉంది, పాత్ర ఉంది, వేళ ఉంది. చర్మానికీ జుట్టుకూ మనవాళ్ళు వాడిన మొక్కల చరిత్రను వెనక్కి తిరిగి చూస్తుంటే నాకు పదే పదే ఎదురయ్యేది ఇదే. మొక్కలో ఉన్న మేలంతా దాన్ని ఎంత, ఎప్పుడు, దేనితో కలిపి, ఎంతసేపు వాడాలో తెలిసిన చేతిలో ఉంది. ఆ తెలివి చేతిలో ఉన్నన్నాళ్ళు మొక్క పనిచేసింది. అది చేజారాక మిగిలింది డబ్బామీద ఆకు బొమ్మ.

వరాహమిహిరుడి కంటే ఎంతో ముందే చరకసంహిత మొక్కలను పనులవారీగా విడదీసింది. సూత్రస్థానం నాలుగో అధ్యాయంలో పదేసి ద్రవ్యాల చొప్పున 50 గణాలు చెప్పింది. అందులో ఒళ్ళు దురద పోగొట్టే గణం చూస్తే వేప, కానుగ, రేల, ఆవాలు, తుంగముస్తెలు కనిపిస్తాయి. చర్మవ్యాధుల గణంలో పసుపు, ఉసిరి, కరక్కాయ, చండ్ర ఉన్నాయి. ఒంటి రంగుకు మెరుగుపెట్టే గణంలో చందనం, వట్టివేరు, మంజిష్ఠ, అతిమధురం, సుగంధిపాల. ఇంచుమించు ఇవన్నీ ఇప్పటికీ మన పచారీకొట్లో దొరికేవే. మరుసటి అధ్యాయంలో చరకుడు ఒంటికి నూనె పట్టించడం గురించి చెబుతూ, నూనె తగిలితే కుండా తోలూ బండి ఇరుసూ గట్టిపడ్డట్టే శరీరమూ గట్టిపడుతుందన్నాడు. తరవాతి ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు దాన్ని ఇంకాస్త విడమరిచి తలకూ చెవులకూ అరికాళ్ళకూ ముఖ్యంగా పట్టించమన్నాడు. మన ఊళ్ళలో పసిపిల్లలకు నూనె రాసే ముసలమ్మలు వాగ్భటుణ్ణి చదివి ఎరగరు. వాళ్ళూ మొదట చెయ్యి వేసేది మాడు మీదే, చివర రుద్దేది అరికాళ్ళనే.

నూనెను రాజభోగం స్థాయికి తీసుకెళ్ళినవాళ్ళూ ఉన్నారు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో మానసోల్లాసం అనే విజ్ఞాన సర్వస్వం సంస్కృతంలో కూర్చాడు. తెలంగాణలో చాలాభాగం అప్పుడు ఆ రాజ్యంలోదే. మన కాకతీయులు ఆ చాళుక్యులకు సామంతులుగా ఉన్న కాలం అది. రాజు అనుభవించవలసిన భోగాల్లో స్నానానికి ప్రత్యేక స్థానం ఇచ్చి, నువ్వులను సువాసన పూలతో వాసన పట్టించి ఆడించిన నూనె సంగతి అందులో చెప్పాడు. నువ్వుగింజ వాసనను పీల్చి దాచుకుంటుంది. పూలను నూనెలో వేసి కాచడం కన్నా పూల మధ్య గింజలను పరిచి, వాడిన పూలు తీసి కొత్తవి వేస్తూ పోతే పరిమళం చెడదు. కనోజు, జౌన్‌పూర్ సుగంధ తైలాలవాళ్ళు మొన్నమొన్నటిదాకా పాటించిన పద్ధతి ఇది.

ఇంకో నాలుగు వందల ఏళ్ళు ముందుకు వస్తే విజయనగరం. 1520 ప్రాంతంలో అక్కడికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కృష్ణదేవరాయల దినచర్య రాసిపెట్టాడు. తెల్లవారక ముందే రాయలు నువ్వులనూనె తాగుతాడు. అదే నూనె ఒళ్ళంతా పట్టించుకుంటాడు. చిన్న గుడ్డ చుట్టుకుని మట్టితో చేసిన పెద్ద బరువులెత్తుతాడు, కత్తి తిప్పుతాడు, పట్టిన నూనె చెమటతో పోయేదాకా ఆగడు. ఆపైన మల్లుడితో కుస్తీ, ఆపైన గుర్రం మీద స్వారీ. అవన్నీ అయ్యాకే స్నానం. పేస్ వర్ణనలో నాకు నచ్చేది ఆ వరుస. నూనె, శ్రమ, చెమట, స్నానం ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. సీసాలో నూనె కొనుక్కుని కుర్చీలో కూర్చునే మనకు అందులో నాలుగోవంతే దక్కుతోంది.

రాయల ఆస్థానకవి పెద్దన మనుచరిత్రలో కథ కాళ్ళకు పూసిన పసరుతోనే కదులుతుంది. సిద్ధుడిచ్చిన పాదలేపం ప్రవరుణ్ణి హిమాలయానికి మోసుకెళ్ళింది, మంచుకు కరిగిపోయి అక్కడే వదిలేసింది. అది కవి కల్పన. కానీ ఆకు పసరు అంటే నమ్మకమున్న సమాజంలోనే ఆ కల్పన పుడుతుంది.

గ్రంథాల సంగతి అలా ఉంచి ఇళ్ళలోకి వద్దాం. అసలు సంపద అక్కడుంది.

తలంటుకు కుంకుడుకాయ. గచ్చు మీద రాయి పెట్టి కొట్టి, లోపలి నల్లటి గింజ తీసి పారేసి, పెంకును మరిగిన నీళ్ళలో వేయాలి. గింజ చితికి పెంకుతో కలిస్తే ఆ రసం వాడడానికి పనికిరాదని పెద్దవాళ్ళు కోప్పడేవారు. నీళ్ళు వేడి తగ్గాక చేత్తో పిసికితే నురగ లేస్తుంది. ఆ రసాన్ని వడకట్టి, ముందురోజు రాత్రో ఆ పొద్దునో నూనె పట్టించిన తలకు రెండుమూడు దఫాలుగా పోసి రుద్దుతారు. కంట్లో పడిందా, ఏడుపే. అందుకే నాలుక మీద ఉప్పురాయి పెట్టుకోమనేవారు. శీకాయ అలా కాదు. దాన్ని ఎండబెట్టి, మెంతులూ ఎండిన మందార పూలూ ఆకులూ పెసలూ కలిపి మరపట్టించి డబ్బాలో పోసుకునేవారు. కుంకుడు జిడ్డును గట్టిగా తీస్తుంది, శీకాయ మెత్తగా తీస్తుంది, మందారాకు జిగురు చిక్కుల్ని విడదీస్తుంది. మూడూ కలిపితే జుట్టుకు ఒకదాని దురుసుతనాన్ని ఇంకొకటి సర్దుతుంది.

ఇందులో శాస్త్రం ఏముందంటే, కుంకుడులోనూ శీకాయలోనూ సపోనిన్లు అనే పదార్థాలున్నాయి. అవి నూనెనూ నీటినీ కలిపి జిడ్డును కడిగేస్తాయి. సబ్బు కూడా ఆ పనే చేస్తుంది కానీ సబ్బు క్షారం. మన చర్మమూ వెంట్రుకా కొంచెం ఆమ్ల గుణంతో ఉంటాయి. క్షారం తగిలితే వెంట్రుక పైపొర పొలుసులు లేచి, ఒకదానితో ఒకటి రాసుకుని చిక్కులు పడతాయి. శీకాయ రసానికి స్వతహాగా పులుపు ఉంది కాబట్టి ఆ బాధ లేదు. ఇంకో సంగతి. మన మెట్ట ఊళ్ళలో బావినీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళలో సబ్బు నురగ కట్టదు సరికదా, తెల్లటి తెట్టు జుట్టుకు పట్టుకుంటుంది. కుంకుడుకు ఆ ఇబ్బంది లేదు. నల్గొండలోనో అనంతపురంలోనో ఉప్పునీళ్ళ ఊరి ఆడవాళ్ళకు కుంకుడు మీద ఉన్న మమకారం పాతకాలపు చాదస్తం కాదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆముదానిది ఇంకో కథ. గింజల్ని వేయించి, రోట్లో దంచి, ఆ ముద్దను పెద్ద కుండలో నీళ్ళు పోసి గంటల తరబడి ఉడికిస్తే నూనె పైకి తేలుతుంది. దాన్ని గరిటెతో పైపైన తీసి, మళ్ళీ పొయ్యిమీద పెట్టి నీటిచెమ్మ పోయేదాకా కాస్తారు. అదే వంటాముదం. బాలింతలకూ పసిపిల్లలకూ దీన్నే వాడాలని పట్టుదలగా ఉండేవారు. ఆముదపు గింజలో రైసిన్ అనే భయంకరమైన విషం ఉంది. అది నూనెలో కరగదు, నీళ్ళలోకి పోతుంది, వేడికి చచ్చిపోతుంది. వేయించి, నీళ్ళలో ఉడికించి, మళ్ళీ కాచే ఆ మూడంచెల పనిలో విషానికి మూడుసార్లు విరుగుడు జరుగుతోంది. రైసిన్ పేరు తెలియని పల్లెటూరి ఆడవాళ్ళ చేతుల్లో ఎన్నో తరాలుగా నిలబడిన పద్ధతి ఇది. తెలంగాణ చెలకల్లో పండిన ఆముదాలు తలకూ దీపానికే కాదు, ఎగుమతికీ పోయాయి. మొదటి ప్రపంచయుద్ధం నాటి చాలా విమానాల ఇంజన్లకు కందెన ఆముదమే.

పండగలకూ పెళ్ళిళ్ళకూ నలుగు. పెసరపిండో శనగపిండో, పసుపు, కచ్చూరాలు, బావంచాలు, వట్టివేళ్ళు, ఎండిన గులాబీ రేకులు. పైన నూనె పట్టించి ఈ పిండితో నలిచేస్తే పిండి నూనెనూ మురికినీ కలిపి పీల్చుకుని రాలిపోతుంది. చర్మానికి కావలసిన కాస్త జిడ్డూ మిగులుతుంది. హైదరాబాదు ముస్లిం పెళ్ళిళ్ళలో మాంజా రోజున రాసే ఉబ్టన్‌దీ ఇదే కుదురు. పసుపుకు సున్నం కలిపితే ఎర్రటి పారాణి, వెలిగారమూ నిమ్మరసమూ పట్టిస్తే కుంకుమ. క్షారం తగిలితే పసుపులోని కుర్కుమిన్ ఎర్రబడుతుంది. ఇప్పుడు బజార్లో దొరికే కుంకుమలో చాలావరకు పసుపు వాసనైనా ఉండదు. రంగు రసాయనాలు కలిపిన బొట్టు పెట్టుకుని నుదుటి మీద దురద, నల్లమచ్చ తెచ్చుకున్నవాళ్ళు చర్మవైద్యుల దగ్గరికి వస్తూనే ఉన్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఈ నూనెలూ నలుగులూ అందరికీ దక్కినవి కావు. నూనె ఆస్తి. కూలినాలి చేసుకునే ఇళ్ళలో తలకు చుక్క నూనె పండగనాడే. చవుడు మట్టితో తల రుద్దుకున్నవాళ్ళు, బంకమట్టితో ఒళ్ళు తోముకున్నవాళ్ళు మన ఊళ్ళలో ఎందరో. దొరుకుతున్న ఇళ్ళలోనూ దంచడం, విసరడం, కాచడం, వడకట్టడం అంతా ఆడవాళ్ళ నడుములమీదే నడిచింది. సబ్బుబిళ్ళ వచ్చినప్పుడు ఆడవాళ్ళు దాన్ని సంతోషంగా అందుకున్నారంటే వాళ్ళను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

వైద్యుల దగ్గర ఉన్న జ్ఞానం తాళపత్రాల్లోకి ఎక్కింది. బసవరాజు కూర్చిన బసవరాజీయం సంస్కృతంతో పాటు తెలుగును కూడా వాడుకుంది. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 తరవాత సామర్లకోటలో మకాం పెట్టి, చుట్టుపక్కల చెట్టూచేమా పరిశీలించి, చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. 1795 నుంచి లండన్‌లో అచ్చయిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో శాస్త్రీయ నామాల పక్కన తెలుగు పేర్లు కనిపిస్తాయి. ఆ పేర్లు ఆయనకు చెప్పినవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

సబ్బుల యుగం 19వ శతాబ్ది చివర్లో మొదలైంది. 1888లో సన్‌లైట్ సబ్బు పెట్టెలు కలకత్తా రేవులో దిగాయి. 1897లో మీరట్‌లో తొలి సబ్బు ఫ్యాక్టరీ వెలిసింది. అప్పటి సబ్బుల్లో ఎక్కువ భాగం పశువుల కొవ్వుతో చేసినవే. స్వదేశీ ఉద్యమం వేడి మీద, కొవ్వు లేకుండా మొక్కల నూనెలతోనే సబ్బు చెయ్యాలన్న పట్టుదల పెరిగింది. బొంబాయిలో గోద్రెజ్‌వాళ్ళు 1918 తరవాత అలాంటి సబ్బును తెచ్చారు. మైసూరులో అదే సమయానికి ఇంకో అవసరం తన్నుకొచ్చింది. యుద్ధం వల్ల చందనం దుంగలు జర్మనీకి పోవడం ఆగిపోయింది. గుట్టలుగా పేరుకున్న కలపతో ఏం చెయ్యాలని ఆలోచించి 1916లో సొంతంగా చందన తైలం తీశారు, 1918లో సబ్బు చేశారు. నాలుగో కృష్ణరాజ ఒడయరు, దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూనుకోవడంతో అది జరిగింది. కలకత్తాలో వేపనూనెతో మార్గో వచ్చింది. అంటే మన సబ్బుల చరిత్రలో మొదటి అధ్యాయంలోనే మొక్క మళ్ళీ తలుపు తట్టింది.

తెలుగువాళ్ళ వంతు కాస్త పక్కదారిన నడిచింది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. కర్పూరం, పుదీనా పువ్వులాంటి ఘాటైన ద్రవ్యాల లేపనం అది. దాని లాభమే ఆంధ్రపత్రికను నిలబెట్టింది. మద్రాసులో కేసరి కుటీరం పెట్టి ఆయుర్వేద మందులమ్మిన కె.ఎన్.కేసరి 1928లో గృహలక్ష్మి పత్రిక తెచ్చారు. తెలుగు పత్రికల పునాదుల్లో మూలికలున్నాయన్నమాట. ఈ సంగతి మన పత్రికల చరిత్రకారులు ఇంకా గట్టిగా చెప్పవలసి ఉంది.

ఆ కాలంలోనే ప్రయోగశాలలూ మేలుకున్నాయి. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1930ల నుంచి 1949 దాకా రసాయనశాస్త్రం నడిపిన టి.ఆర్.శేషాద్రి పూలలో, బెరళ్ళలో, చేవకర్రల్లో ఉండే రంగుపదార్థాల మీద జీవితమంతా పనిచేశారు. 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1942లో రసాయనశాస్త్రజ్ఞుడు సలీముజ్జమాన్ సిద్దీఖీ వేపనూనె నుంచి నింబిన్ లాంటి చేదు పదార్థాలను విడదీశారు. వేప ఎందుకు పనిచేస్తుందన్న ప్రశ్నకు జవాబు వెతకడం అక్కడ ఊపందుకుంది.

అమెరికాలో 1934లో సబ్బు లేని షాంపూ డ్రీన్ బజారుకొచ్చింది. ఉప్పునీళ్ళలోనూ నురగ కట్టే డిటర్జెంటు అది. మనదేశంలో అది చాన్నాళ్ళు డబ్బున్నవాళ్ళ సీసాగానే ఉండిపోయింది. దాన్ని ఊళ్ళలోకి మోసుకొచ్చింది తమిళనాడు కడలూరు. అక్కడి చిన్నికృష్ణన్ షాంపూను చిన్న ప్యాకెట్లలో పోసి అమ్మవచ్చని చూపించారు, ఆయన కొడుకు రంగనాథన్ 1983లో చిక్ మొదలుపెట్టి దాన్ని పల్లెపల్లెకూ చేర్చారు. రూపాయి, అర్ధరూపాయి ప్యాకెట్లు కిరాణాకొట్టు ముందు దండల్లా వేలాడాక కుంకుడుకాయలు కొట్టే రాయికి పని పోయింది. ఇంటికి నాలుగు కూలీలు వెళ్ళి సంపాదిస్తేగానీ గడవని చోట, పొద్దున్నే తలంటుకు గంటసేపు ఎవరు కూర్చోగలరు? ఆ మార్పును నేను అర్థం చేసుకోగలను. నాకు కష్టం కలిగించేది ఆ తరవాత జరిగింది. అదే ప్యాకెట్ల మీద పదేళ్ళలో శీకాయ, ఉసిరి, మందార బొమ్మలు అచ్చయ్యాయి. వదిలేసిన దాన్నే బొమ్మగా మనకు తిరిగి అమ్మారు.

1995లో జరిగిన ఒక ఘటన దేశాన్ని కుదిపింది. అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం గాయాలు మానడానికి పసుపు వాడే పద్ధతికి పేటెంటు తీసుకుంది. దెబ్బతగిలితే పసుపు అద్దని తెలుగిల్లు ఉందా? కానీ ఇంట్లో తెలిసినది పేటెంటు కార్యాలయంలో చెల్లదు, కాగితం కావాలి. రఘునాథ్ మాషేల్కర్ నడిపిన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్‌ఐఆర్) పాత సంస్కృత గ్రంథాలూ, 1953 నాటి భారతీయ వైద్య పత్రిక వ్యాసమూ సహా 32 ఆధారాలు చూపించింది. 1997 ఆగస్టులో ఆ పేటెంటు రద్దయింది. వేపనూనెతో బూజుతెగులు నివారణకు ఐరోపాలో ఇచ్చిన పేటెంటు 2000లో రద్దయి, అప్పీలు 2005లో కొట్టివేతకు గురైంది. ఈ దెబ్బలు తిన్నాకే సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ భాండాగారం 2001లో మొదలై, ఆయుర్వేద యోగాలను పేటెంటు పరిశీలకులకు అర్థమయ్యే భాషల్లోకి ఎక్కించింది. ఈ మధ్య పసుపు మళ్ళీ వార్తల్లోకి వచ్చింది. నిజామాబాదు రైతులు ఏళ్ళ తరబడి అడిగిన జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో వాళ్ళ ఊళ్ళోనే పనిచేయడం మొదలుపెట్టింది.

మరి వీటిలో నిలబడ్డవి ఏవి? ముందు నూనెలు. 2003లో మన దేశపు కొబ్బరినూనె కంపెనీ పరిశోధకులే కొబ్బరినూనెనూ పొద్దుతిరుగుడు నూనెనూ పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్‌నూ వెంట్రుకల మీద పోల్చి చూశారు. వెంట్రుకలోని మాంసకృత్తులు కొట్టుకుపోకుండా ఆపింది కొబ్బరినూనె ఒక్కటే. దానిలోని లారిక్ ఆమ్లం చిన్నది, తిన్ననిది, వెంట్రుక లోపలికి దూరగలదు. తలంటుకు ముందు నూనె పెట్టడంలో ఉన్న రహస్యం ఇదే. సొంత సరుకు గురించి చేసిన పరీక్షను అనుమానంతో చూడాలి, నిజమే. కానీ ఫలితం తరవాతి వాటితో పొసిగింది. అమ్మకపు నూనెల్లో ఉసిరి పేరుతో, భృంగరాజ్ పేరుతో వచ్చేవి కొన్ని చాలావరకు మినరల్ ఆయిలేనని మాత్రం సీసా వెనకాల చదివితే తెలుస్తుంది.

ఢాకా పిల్లల ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పసికందుల చర్మానికి పొద్దుతిరుగుడు నూనె పట్టించి చూశారు. 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం నూనె పట్టించిన పిల్లల్లో ఆసుపత్రి ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గాయి. పసిపిల్లలకు నూనె రాసే మన అలవాటుకు దీనికంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది? అయితే అదే పరిశోధక బృందం అంతకుముందు ఎలుకల చర్మం మీద చేసిన పరీక్షల్లో ఆవనూనె, ఆలివ్ నూనె చర్మపు పైపొర కోలుకోవడాన్ని ఆలస్యం చేశాయి. అన్ని నూనెలూ ఒకటి కావు. ఏ నూనె అన్నది తెలిసి రాయాలి.

బావంచాలది ఈ చరిత్రలో అన్నిటికంటే పదునైన పాఠం. బొల్లికి బావంచాలు పూసి ఎండలో కూర్చోబెట్టడం మన వైద్యుల పద్ధతి. ఈజిప్టువాళ్ళు వేరే మొక్కతో ఇదే చేశారు. అక్కడి వైద్యుడు అబ్దెల్ మొనెమ్ ఎల్ మొఫ్తీ 1940లలో ఆ మొక్కలోని సోరాలెన్ మందును పరీక్షించాడు, 1974లో అమెరికాలో అతినీలలోహిత కిరణాలతో కలిపి పువా చికిత్సగా మార్చారు. నేటికీ బొల్లికీ సోరియాసిస్‌కూ వాడుతున్నారు. అదే బావంచాలు మోతాదు మించి రాసుకుని ఎండలో తిరిగితే బొబ్బలు లేస్తాయి. నలుగులో చిటికెడు వేసి, నీడలో నలిచి, కడిగేసిన అమ్మమ్మలకు ఆ మోతాదు తెలుసు. ఫోన్లో వీడియో చూసి గుప్పెడు కలిపేవాళ్ళకు తెలియదు.

గోరింటాకు ఆకులోని లాసోన్ చర్మంలోని కెరటిన్‌ను పట్టుకుని ఎర్రబారుతుంది. స్వచ్ఛమైన గోరింటాకు చాలా భద్రమైనది. ఒక్క మినహాయింపు, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపమున్న పసిపిల్లలకు పెడితే ఎర్రరక్తకణాలు చితికిపోయే ప్రమాదం ఉంది. గోరింటాకు తనంతట తాను ఎప్పుడూ నలుపు పండదు. పది నిమిషాల్లో నల్లగా పండే కోన్‌లో ఉండేది పారాఫినైలిన్‌డైఅమీన్ అనే రంగు రసాయనం. దానికి అలర్జీ వచ్చినవాళ్ళకు చేతుల మీద పుండ్లు, జీవితాంతం జుట్టురంగు పడని శాపం. నల్ల గోరింటాకు అడగకండి. పెళ్ళిపిల్లలకు పెట్టించకండి.

మన ఇళ్ళలో సరస్వతి ఆకు అనే పేరున్న మండూకపర్ణి పేరు ఇప్పుడు కొరియా క్రీముల డబ్బాలమీద సికాగా మెరుస్తోంది. గాయాలు మానడానికి దాని గుణం ఫ్రెంచివాళ్ళు మడగాస్కర్ మొక్కతో 1940లలోనే పసిగట్టారు. మన చెరువుగట్టు మీద తడిలో పాకే ఆకును మన పిల్లలు అంత ధరపెట్టి కొంటున్నారు. కొననీయండి, మేలు చేస్తుంది. కానీ ఆ మొక్క తమ ఊళ్ళోదేనని ఎవరైనా చెప్పాలి కదా.

ఒంటి రంగు గురించి ఈ ఒక్క మాట కఠినంగా అంటాను. చరకుడు రంగుకు మెరుగు అన్నదాన్ని మన మార్కెట్టు తెలుపు అని తిప్పేసింది. 1975లో మొదలైన ఒక ఫెయిర్‌నెస్ క్రీము 45 ఏళ్ళు అదే పేరుతో అమ్ముడుపోయి 2020లో పేరు మార్చుకుంది. పసుపుగానీ చందనంగానీ శనగపిండిగానీ నల్లని చర్మాన్ని తెల్లగా చెయ్యవు. చెయ్యనవసరం లేదు. చామనచాయ మన చర్మాన్ని మన ఎండనుంచి కాపాడే కవచం. మెరుపు పెంచుతామంటే నమ్మండి, రంగు మారుస్తామంటే వదిలేయండి.

అమ్మకం పెరిగితే అడవికి దెబ్బ తగులుతుంది. శేషాచలం, ఆ చుట్టుపక్కల కొండల్లో తప్ప పెద్దగా ఎక్కడా పెరగని ఎర్రచందనం మొటిమలకు అరగదీసి రాసుకునే మందుగా మనకు తెలుసు. దాని ఎగుమతి గిరాకీ ఎందరి ప్రాణాలు తీసిందో, ఎంత అడవిని ఖాళీ చేసిందో రాయలసీమవాళ్ళకు తెలియనిది కాదు. 1995 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణలో ఉంది. ఇక కుంకుడు, శీకాయ, ఉసిరి తెచ్చేది ఎక్కువగా గిరిజనులు. విశాఖలో 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ వాళ్ళ దగ్గర కొని అమ్ముతుంది. తెలంగాణలోనూ ఆ తరహా సంస్థ ఉంది. ప్యాకెట్టు పొడి కొనేవాళ్ళు ముందు అక్కడ అడిగి కొంటే ఏరిన చేతికి నాలుగు రూపాయలు చేరతాయి.

డబ్బా కొంటే వెనక పదార్థాల వరుస చదవండి. ఎక్కువ మోతాదున్నది ముందు రాస్తారు. శీకాయ పేరు చివరి నాలుగింటిలో ఉంటే అందులో శీకాయ నామమాత్రమే. కొత్తది ఏదైనా ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూసి, ఆ తరవాతే మొహానికో తలకో రాయండి. మొక్క అయినంత మాత్రాన అందరికీ పడుతుందనుకోకండి. పెరట్లో జాగా ఉంటే ఈ వానాకాలం ఒక కుంకుడు గింజ నాటండి. గింజ నుంచి పెంచిన చెట్టు కాపుకు రావడానికి ఏడెనిమిదేళ్ళయినా పడుతుంది, కాబట్టి ఆలస్యం చెయ్యకండి.